నీళ్లు లేకుండా మింగే విద్య

ఇప్పుడు అన్నం తింటున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. తినలేని రోజుల్లో రాసి ఉంటే తిట్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇప్పుడూ కొన్ని వస్తాయి, సర్దుకోండి. వాటిలో ఎక్కువ నన్ను నేను తిట్టుకున్నవే.

పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పదకొండేళ్లుగా ప్యాకింగ్ లైను మీద పనిచేస్తున్నాను. గోలీల స్ట్రిప్పులు డబ్బాల్లోకి పోయే చోట నేను నిలబడతాను. ప్రతి డబ్బాలో స్ట్రిప్పుతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి పడాలి. ఆ మందు ఎలా వాడాలో, వాడితే ఏమవుతుందో చీమ తలకాయంత అక్షరాలతో అందులో ఉంటుంది. కాగితం పడని డబ్బాను పట్టుకుని పక్కకు తీయడం నా పని. ఇన్నేళ్లలో ఒక్క డబ్బా కూడా నన్ను దాటి పోలేదని ఊళ్లో చాలామంది దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. ఆ కాగితంలో ఏం రాసుందో మాత్రం ఒక్కనాడూ చదవలేదు.

మా లోపలికి పోవడం ఒక పెద్ద తతంగం. మొదటి గదిలో చెప్పులు, నగలు, బయటి బట్టలు వదిలేసి, చేతులు కడుక్కుని కంపెనీ బట్టలు వేసుకోవాలి. రెండో గదిలో వాటి మీద తల నుంచి మడమల దాకా తెల్లటి గౌను, మాస్కు, గ్లౌజులు. నీళ్ల సీసా లోపలికి రానివ్వరు. మందు తయారయ్యే చోటు, రానివ్వకూడదు కూడా. నీళ్ల కూలరూ, బాత్రూమూ రెండూ మొదటి గదికి బయట ఉంటాయి. షిఫ్టు మధ్యలో ఒంటికి పోవాలంటే అన్నీ విప్పి, పోయి వచ్చి, చేతులు కడిగి, మళ్లీ కొత్త గౌను తొడుక్కోవాలి. మొత్తం ఇరవై నిమిషాలు. అంతసేపు మన చోట నిలబడే మనిషి దొరక్కపోతే లైను ఆగుతుంది, అందరి మొహాలూ మనవైపు తిరుగుతాయి.

అందుకే మా ఆడవాళ్లం పొద్దున ఆరింటి షిఫ్టుకు వచ్చేటప్పుడు నీళ్లు తాగం. తాగొద్దని ఎవరూ చెప్పలేదు. మాకు మేమే అలవాటు చేసుకుని, కొత్తగా వచ్చిన పిల్లలకు నేర్పాం. తలనొప్పి గోలీ అయినా, నెలసరి కడుపునొప్పి గోలీ అయినా నీళ్లు లేకుండానే మింగుతాం. నోట్లో ఉమ్ము కూడబెట్టుకోవాలి. గోలీని నాలుక వెనక పెట్టుకోవాలి. గడ్డం పైకెత్తి, గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, ఒక్కసారి గుటక వేయాలి. ఈ విద్యలో నేనే అందరికీ గురువును. "నీళ్లెందుకే, తాగితే ఒంటికొస్తది, లైను ఆగుతది" అంటూ ఎంతమంది పిల్లలకు గడ్డం పట్టుకుని నేర్పించానో. తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

ఆషాఢం మొదట్లో నా చంకలో సెగ్గడ్డలు లేచాయి. ఒకటి కాదు, మూడు. పుండ్లున్నా, జ్వరమున్నా గేటు దగ్గరే చెప్పి ఇంటికి పోవాలని మా కంపెనీ నియమం. నేను చెప్పలేదు. చెబితే మానేదాకా ఇంట్లో కూర్చోవాలి, నా చోట ఇంకొకరిని నిలబెడతారు, ఆ చోటు తిరిగి నాకు ఇస్తారో ఇవ్వరో అని భయం. చీము కారే చంకకు గుడ్డ కట్టుకుని, పైన తెల్లగౌను తొడుక్కుని, జనం మింగే మందుల ముందు నిలబడ్డాను. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను గానీ, అసహ్యమంతా ఇక్కడే మొదలైంది కాబట్టి రాయక తప్పదు.

పటాన్‌చెరులో ఒక డాక్టరు రోజుకు రెండు చొప్పున గొట్టం గోలీలు, అదే క్యాప్సూళ్లు, రాశాడు. మెడికల్ షాపతను స్ట్రిప్పు కత్తిరించి కాగితపు కవర్లో వేసి ఇచ్చాడు. "తిన్నంక ఏస్కో" అన్నాడు. అంతకంటే ఒక్క మాట లేదు, నేనూ అడగలేదు. మందుల కంపెనీ మనిషిని, నేను అడగడమేమిటి?

పొద్దున గోలీని షిఫ్టుకు ముందు బట్టలు మార్చుకునే గదిలో ఒట్టి ఉమ్ముతో మింగేదాన్ని. రెండోది మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిన్నాక, చెంబు అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లతో మింగి, వెంటనే చాప మీద వాలిపోయేదాన్ని. చీకటితో లేచిన ఒళ్లు కదా, తల ఆనితే చాలు నిద్ర పట్టేది.

బోనాల ముందటి మంగళవారం

గోలీలు మొదలుపెట్టిన నాలుగో రోజు. క్యాంటీన్‌లో ఉప్మా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అది గొంతు దిగింది, ఛాతీ మధ్యకు వచ్చింది, అక్కడ భగ్గుమంది. మిరపకాయ కొరికితే నాలుక మండుతుంది చూడండి, ఆ మంట రొమ్ము ఎముక వెనక, చెయ్యి పెట్టి రుద్దడానికి కూడా అందని చోట. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన కూర్చున్న మమత చూసింది. ఒడిశా పిల్ల, మా లైను మీదే పనిచేస్తుంది, వచ్చి రెండేళ్లయింది.

"క్యా హువా దీదీ? కారం ఎక్కువైందా?"

"ఏం లేదు, నువ్వు తిను."

ఇంటికొచ్చేసరికి మంట తగ్గలేదు. మా అత్తమ్మకు చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించలేదు.

"గోలీ అడ్డం వడ్డది బిడ్డా. ఉత్త అన్నం ముద్ద నమలకుంట మింగు. దాంతోటి దిగుతది."

చేప ముల్లు గుచ్చుకుంటే చేసే వైద్యం అది. నేను మింగాను. ఒకటి కాదు, మూడు ముద్దలు. మూడో ముద్దకు గోడ పట్టుకుని కేక పెట్టాను. అదంతా తిరిగి బయటికొచ్చింది, మింగిన ముద్ద మింగినట్టే, మీద ఎర్రటి చారలతో. దాన్ని కడిగింది అత్తమ్మే. కడుగుతూ "గింత నాజూకు గొంతు ఏందమ్మా" అని సణిగింది.

మా ఆయన శ్రీశైలం ఇంకో కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. వస్తూనే నా వాలకం చూసి పరేషానయ్యాడు.

"ఛాతీల నొప్పంటున్నవ్, గుండె గాదు గదా? నడువు, జల్దీ."

ఊళ్లో మందులిచ్చే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నా చెయ్యి కూడా పట్టుకోకుండానే గ్యాస్ అన్నాడు. ఒక సూది పొడిచి, నాలుగు గోలీలు చేతిలో పోశాడు. గోలీ వల్ల గాయమైన గొంతులోకి ఇంకో నాలుగు గోలీలు! అవీ మింగాను. సెగ్గడ్డల గోలీలు కూడా ఆపలేదు, మధ్యలో ఆపకూడదని తెలుసు కదా నాకు. ఆ తెలివి మాత్రం బాగానే ఉంది.

ఆ ఆదివారం

గురువారానికి అన్నం పోయింది. శుక్రవారానికి చాయ్ పోయింది. శనివారానికి నా ఉమ్ము నేను మింగలేని స్థితికి వచ్చాను.

మనిషి నోట్లో ఎంత ఉమ్ము ఊరుతుందో మీకు తెలియదు. నాకూ అప్పటిదాకా తెలియదు, ఎందుకంటే మనం ఎప్పుడూ దాన్ని చూడం, మింగేస్తాం. మింగడం ఆగిపోతే అది నిండుతూనే ఉంటుంది. స్టీలు గ్లాసు ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తీగలు తీగలుగా, జిగటగా, పుల్లటి వాసనతో అది గ్లాసులోకి జారుతుంది. మాట్లాడబోతే గడ్డం మీదికి కారుతుంది. పడుకుంటే దిండు తడుస్తుంది. గంటలో గ్లాసు నిండుతుంది. పారబోసి వస్తే మళ్లీ నిండుతుంది. ఇది నా ఒంట్లోదేనా అని మొహం తిప్పుకునేదాన్ని. వాంతి వస్తే ఇంకా మంట, అందుకని ఓకరింపు కూడా ఆపుకోవాలి.

ఆదివారం బోనాలు. ఇంట్లో మాంసం ఉడుకుతోంది. గాలి కంపెనీల వైపు నుంచి కొడుతోందేమో, మసాలా వాసనలో వాటి పొగల ఘాటు కలిసి వెనక గదిలోకి వచ్చింది. జన్మలో ఇంక మాంసం ముట్టనేమో అనిపించింది. చుట్టాలు ఒక్కొక్కరూ గుమ్మం దాకా వచ్చి, నన్నూ గ్లాసునూ చూసి, "మంచిగైతది తియ్యి" అని చెప్పి జల్దీగా పోయారు. మా ఆయన పళ్లెం పట్టుకుని నా పక్కన కూర్చుందామని వచ్చాడు. కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాక పళ్లెం తీసుకుని గోడవైపు తిరిగాడు. కావాలని చేసింది కాదు. కానీ నేను చూశాను.

అందరూ వెళ్లాక అత్తమ్మ నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"మా చిన్నాయనకు గిట్లనే షురువైంది. ముందుగాల ముద్ద దిగలే. ఎన్క నీళ్లు దిగలే. గొంతుల క్యాన్సర్ అన్నరు."

"అమ్మా, జెర ఊకుంటవా?" అని మా ఆయన అరిచాడు.

ఆమె ఊరుకుంది. కానీ ఆ మాట నా లోపలికి దిగిపోయింది, నీళ్లు దిగని చోట కూడా అది దిగింది. ఇంక నాకు మింగడం రాదేమో, ఈ గ్లాసుతోనే పోతానేమో అని నిజంగా భయపడ్డాను. ఏడిస్తే ముక్కు కారి నోరు ఇంకా నిండుతుందని ఏడవలేదు.

సోమవారం పొద్దున మా ఆయన డ్యూటీకి పోలేదు. నా ఒళ్లోని గ్లాసు తీసుకుని, పెరట్లో పారబోసి, బూడిదతో తోమి తెచ్చి మళ్లీ నా చేతికిచ్చాడు. "సంగారెడ్డి పోదాం" అన్నాడు. నిన్న పళ్లెం తిప్పిన సంగతి ఎవరమూ ఎత్తలేదు.

సంగారెడ్డి

పెద్ద దవాఖానలో చీటీ రాయించుకోవడానికి ఒక వరుస, డాక్టరు ముందు ఒక వరుస. బెంచీ మీద కూర్చుని మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి కొంగు తడిసి బరువెక్కింది. పక్కన కూర్చున్నామె మొదట జరిగింది, తరవాత లేచి నిలబడింది. ఆమెను తప్పుపట్టను. నేనైతే ఇంకా ముందే లేచేదాన్ని.

అప్పుడు ఆ దారిన పోతున్న ఆయమ్మ ఒకామె నా ముందు ఆగింది. ముసలామె, నడుం కొంచెం వంగింది. ఏమీ అడగకుండా లోపలికి పోయి, ఒక ప్లాస్టిక్ గిన్నె, దూది తెచ్చింది. నా చేతిలోంచి తడి కొంగు లాగేసి, గడ్డం తుడిచింది, మెడ కూడా తుడిచింది.

"సిగ్గువడకు బిడ్డా. దీంట్ల ఊంచు. ఇది గూడ నీళ్లే గదా."

రోతపడకుండా నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆమె. పేరు అడగడానికి నోరు రాలేదు.

డాక్టరు చిన్న వయసామె. నేను గిన్నెలో ఊస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమె అంతా వినలేదు. మధ్యలోనే అడిగింది.

"ఏం గోలీలు వాడుతున్నారు?"

కవరు చూపించాను.

"దీన్ని ఎన్ని నీళ్లతో మింగుతున్నారమ్మా?"

నేను గిన్నె మీదికి వంగి ఊశాను.

"మింగాక ఎంతసేపటికి పడుకుంటున్నారు?"

మా ఆయన చెప్పాడు, "ఎంటనే పంటది మేడం. అలసిపోతది."

గొంతులోకి కెమెరా పైపు వేసి చూడాలన్నారు. గొంతులో ఏదో చేదు మందు కొట్టారు, పళ్ల మధ్య ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టారు, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. పైపు లోపలికి పోతుంటే నా ఒళ్లంతా దాన్ని బయటికి తోసేయాలని చూసింది. బకబక త్రేన్పులు, ఉమ్ము, కన్నీళ్లు, అన్నీ ఒకేసారి. ఒకరి చెయ్యి నా తల పట్టుకుని ఉంది. అది ఆ ఆయమ్మ చెయ్యేనని నేననుకున్నాను, చూడటానికి కుదరలేదు.

తరవాత డాక్టరు తెర మీద బొమ్మ చూపించింది. గులాబీరంగు గొట్టం. దాని మధ్యలో ఎదురెదురుగా రెండు పుండ్లు, తెల్లగా పొర కట్టి, అంచులు ఎర్రగా.

"క్యాన్సర్ కాదమ్మా. గోలీ ఇక్కడ అంటుకుపోయింది. అక్కడే కరిగింది. మందు కడుపులో కరగాలి, ఇక్కడ కరిగితే ఆసిడ్ పోసినట్టే. రోజూ రెండుసార్లు అక్కడే. గోలీ మింగితే గ్లాసు నిండా నీళ్లు తాగాలి, అరగంట కూర్చోవాలి. ఎవరూ చెప్పలేదా?"

క్యాన్సర్ కాదన్న మాటకు మా ఆయన డాక్టరుకు రెండు చేతులూ జోడించాడు. నేను ఆ బొమ్మనే చూస్తున్నాను. చంకలో పుండ్లు దాచుకోవడానికి పోయి, ఎవరికీ కనపడని చోట రెండు పుండ్లు నా చేతులతో నేనే చేసుకున్నాను. ఛీ అనిపించింది. అంత అసహ్యం నా ఉమ్ము మీద కూడా వేయలేదు.

"మానుతుందా మేడం?" అని అడిగాను.

"మానుతుంది. కానీ జాగ్రత్తగా లేకపోతే మానిన చోట గొట్టం సన్నబడుతుంది. అప్పుడు ముద్ద దిగడానికి మళ్లీ మళ్లీ నా దగ్గరికి రావాల్సి వస్తుంది."

ఆ గోలీలు ఆపించింది. గోలీలకు బదులు తాగే మందులు రాసింది. బస్సులో మా ఆయన మందు సీసాల సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పటాన్‌చెరు దగ్గరపడ్డాక అన్నాడు.

"గోలీలు డబ్బల వెట్టేదానివి నువ్వు. గోలీ ఎట్ల మింగాలె అనేది నీకు తెల్వదా?"

నేను కిటికీ వైపు తిరిగాను.

శ్రావణం వచ్చేదాకా

తెల్లటి చిక్కటి మందు, సుద్ద కలిపినట్టు ఉంటుంది. పుండు మీద పూత పూస్తుందట. అది తాగి, చల్లటి పాలు గుక్కెడు గుక్కెడు తాగి, గోడకు ఆనుకుని నిటారుగా కూర్చోవాలి. ఉమ్ము మింగడం మూడో రోజుకు వచ్చింది. అప్పుడు ఎంత సంబరపడ్డానో చెబితే నవ్వుతారు. గ్లాసును తోమించి అటక మీద పెట్టించాను, మళ్లీ కంటబడకుండా. కంపెనీకి ఫోన్ చేసి సెగ్గడ్డలతో సహా మొత్తం చెప్పేశాను. మానేదాకా రావద్దన్నారు. ఆ మాట కోసం కదా ఇంత చేసింది, అది వినడానికి నిమిషం కూడా పట్టలేదు.

ఒక మధ్యాహ్నం మమత వచ్చింది. ఇస్నాపూర్‌లో నలుగురు పిల్లలతో కలిసి కిరాయి గదిలో ఉంటుంది. చేతిలో స్టీలు డబ్బా. అన్నంలో చల్లటి నీళ్లు పోసి నానబెట్టి, మెతుకులు మెదిపి, వడగట్టి తెచ్చింది. వాళ్ల ఊళ్లో ఎండాకాలం అదే తింటారట. ఆ డబ్బా నాకు బాగా తెలుసు. క్యాంటీన్‌లో మమత ఆ నీళ్లన్నం తెరిస్తే ముక్కు మూసుకుని, "ఏందే ఆ పాసి వాసన, దూరం కూసో" అన్నది నేనే.

"పులవలేదు దీదీ. ఇప్పుడే చేసిన. ఠండా ఉంది, గొంతుకు మంచిది."

భయపడుతూ ఒక చెంచా తాగాను. దిగింది. ఛాతీ మధ్యకు వచ్చింది, నేను కళ్లు మూసుకున్నాను, అక్కడ ఏమీ కాలేదు. కిందికి పోయింది. ఇంకో చెంచా. ఆ డబ్బా మొత్తం నేనే తాగేశాను. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ, "ఆ పిల్లను రోజు రమ్మను" అంది.

పోయేటప్పుడు మమత అడిగింది, "దీదీ, గోలీతో ఇట్ల అయితదా?"

"నీళ్లు తాగకుంటే అయితది."

మమత డబ్బా మూత బిగించింది. "నేను గూడ ఎప్పుడూ గట్లనే మింగుతా. ఆప్‌నే సిఖాయా థా నా."

మీరే నేర్పారు కదా అంది. తప్పు పట్టినట్టు కాదు, మామూలుగానే అంది. ఆ పిల్ల పోయాక నేను నేర్పినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాను. రెండు చేతులూ సరిపోలేదు. సగంమంది ఊళ్లకు పోయారు, ఎక్కడున్నారో తెలియదు. వాళ్లిప్పుడు ఏ గోలీ మింగుతున్నారో, ఎవరికి నేర్పుతున్నారో.

మళ్లీ లైను మీదికి

చంక మానింది, గొంతు మానింది. సంగారెడ్డిలో డాక్టరు మళ్లీ చూసి, గొట్టం సన్నబడలేదు, పొమ్మంది. ఆ ఆయమ్మ కోసం వెతికాను, ఆ రోజు ఆమె లేదు. కంపెనీ నా చోటు నాకే ఇచ్చింది.

మొదటి రోజే కాగితం తక్కువైన డబ్బా ఒకటి దొరికింది. కొత్త కాగితం అందులో పెట్టే ముందు మడత విప్పాను. నా ఇంటర్ ఇంగ్లీషుతో వెతుక్కుంటూ పోతే రెండో పేజీలో ఉంది. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, నిటారుగా ఉండాలి, వెంటనే పడుకోకూడదు. పదకొండేళ్లు దీన్నే కాపలా కాశాను. మడిచి డబ్బాలో పెట్టాను.

మీరు ఇంకేం గుర్తు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి. గోలీ మింగితే గ్లాసు నిండా నీళ్లు తాగండి. మింగి పడుకోకండి. మింగేటప్పుడు ఛాతీలో మంటపుడితే ముద్దలు మింగకండి, డాక్టరు దగ్గరికి పోయి ఏ గోలీలు వాడుతున్నారో చెప్పండి.

నాలుగో రోజు పొద్దున బట్టలు మార్చుకునే గదిలో మమత ఒక మూలకు తిరిగి నిలబడి ఉంది. నెలసరి, మొహం పాలిపోయింది. నోరు కదులుతోంది, ఉమ్ము కూడబెడుతోంది. గడ్డం పైకెత్తింది. గొంతు మీద రెండు వేళ్లు ఆనించింది. అచ్చం నేనే.

"ఊంచు" అని అరిచాను. ఉలిక్కిపడి గోలీని అరచేతిలో ఊసింది.

"మాలూమ్ హై దీదీ, తెలుసు. కానీ నీళ్లు తాగితే మధ్యల పోవాలె, లైను ఆగుతది..."

నా మాటే నాకు తిరిగొచ్చింది. మమత చెయ్యి పట్టుకుని కూలర్ దగ్గరికి లాక్కుపోయాను. గ్లాసు నింపి ఇచ్చాను. తాగింది. ఇంకోటి నింపి నేను తాగాను.

సూపర్‌వైజర్ తలుపు తీసి చూశాడు. "లలితక్కా, టైమైంది. ఏం జేస్తున్నవ్ ఆడ?"

"నీళ్లు తాపుతున్న సార్. రెండు గంటలైనంక ఈ పిల్ల బయటికి వస్తది, ఇరవై నిమిషాలు ఇయ్యాలె. దీని ఎన్క నేనొస్త."

ఆయన ఏదో అనబోయి, నా గొంతు సంగతి గుర్తొచ్చిందేమో, తలుపు వేసుకుని పోయాడు.

ఎనిమిది గంటలకు మమత చెయ్యి ఎత్తింది. ఆమె చోట నిలబడేవాళ్లు ఎవరూ దొరకలేదు. లైను ఆగింది. అందరూ మా వైపు చూశారు. నేను మూతలేని డబ్బాల ముందు చేతులు కట్టుకుని, మమత తిరిగి వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.